రుచి చూసే చెంచా

పొలుసు ముఖాన్ని చేపల బల్లకేసి అదిమి పట్టుకున్నారు ఇద్దరు గార్డులు. మూడోవాడు లాఠీ ఎత్తి నడుం మీద కొడుతున్నాడు. పట్టపగలు, ఉదయం పదకొండు గంటలు. ఆ విహార నౌక అడుగు అంతస్తులో, నీటి మట్టానికి కిందున్న వంటశాలలో, అప్పుడు అరవై మంది పనిలో ఉన్నారు. అరవై మందీ చూశారు. ఉల్లిపాయలు కోసేవాళ్లు కోస్తూనే ఉన్నారు. గిన్నెలు తోమేవాళ్లు తోముతూనే ఉన్నారు. కత్తుల చప్పుడులో లాఠీ చప్పుడు కలిసిపోయింది.

ఎంత కడుక్కున్నా ఒంటి మీద ఎక్కడో ఒకచోట చేప పొలుసు అంటుకుని ఉంటుంది కాబట్టి అతనికి ఆ పేరు. చేపలు శుభ్రం చేసి కోయడం అతని పని.

"చెప్పరా, సూపులోకి ఏం కలిపావు?" అన్నాడు గడియారం.

గడియారం అంటే కొత్త కాంట్రాక్టరు పంపిన మేనేజరు. చేతిలో ఎప్పుడూ నిమిషాలు కొలిచే గడియారం పట్టుకుని తిరుగుతాడు. కూరగాయ ఎంతసేపట్లో కోశారు, మూత్రానికి ఎంతసేపు పోయారు, అన్నీ కొలుస్తాడు. ఇప్పుడు దెబ్బలు కూడా కొలుస్తున్నాడేమో అనిపించింది చూసేవాళ్లకు.

"నేనేం కలపలేదు సార్. చేప కుళ్లిందని నాలుగుసార్లు మీకే చెప్పాను" అన్నాడు పొలుసు. పంటి లోంచి కారిన రక్తం బల్ల మీది మంచు ముక్కల్లోకి దిగింది.

లాఠీ మళ్లీ లేచింది. కుడి చేతి వేళ్ల మీద పడింది.

ఆ బల్లకు పది అడుగుల దూరంలో సూపు కుండ దగ్గర అతని సొంత అక్క ఉంది. అందరూ ఆమెను సూపక్క అంటారు. తమ్ముణ్ణి ఈ ఓడలో పనికి పెట్టించింది ఆమే. వేళ్లు విరిగిన చప్పుడు ఆమెకు వినిపించింది. అయినా గరిటె తిప్పడం ఆపలేదు. అది ఆమె సిగ్గు, అరవై మంది సిగ్గు. దాచి లాభం లేదు కాబట్టి ముందే చెబుతున్నాను.

పొలుసును ఈడ్చుకెళ్లి బంగాళాదుంపల గదిలో పడేసి తాళం వేశారు.

అసలు జరిగిందేమిటో వినండి. రెండు రోజుల ముందు మధ్యాహ్న భోజనంలో చేప సూపు తాగిన ప్రయాణికులు వందల మంది వాంతులతో మంచం పట్టారు. ఇద్దరు వృద్ధులు చనిపోయారు. ఎల్లుండి ఓడ రేవుకు చేరుతుంది. అక్కడ పోలీసులు అడుగుతారు. అడిగితే చూపించడానికి ఒక మనిషి కావాలి. కాంట్రాక్టరును చూపించలేరు కదా!

ఈ కాంట్రాక్టరు వచ్చాక పైన మెనూ పుస్తకం బరువు పెరిగింది, కింద సరుకు తగ్గింది. తాజా చేప పోయి పెట్టెల్లో గడ్డకట్టిన చేప వచ్చింది. వెన్న పోయి పసుపు రంగు ముద్ద వచ్చింది. ప్రయాణికులు మాత్రం పుస్తకంలో బొమ్మ చూసి, ఏళ్ల తరబడి కలలు కని ఎక్కుతారు. బొమ్మలో ఒకటి, పళ్లెంలో ఒకటి కనిపిస్తే ఎదురుగా ఉన్న సర్వరు మీద విరుచుకుపడతారు. వాళ్ల కోపం అబద్ధం కాదు. పడాల్సిన చోట పడటం లేదు, అంతే.

అన్నిటికంటే పెద్ద కోత వేరే ఉంది. ఈ వంటశాలలో ప్రతి వంటమనిషి చొక్కా చేతికి కుట్టిన చిన్న జేబులో సొంత చెంచా ఒకటి ఉండేది. రుచి చూసే చెంచా. ఎవరి చెంచా వాళ్లదే, పక్కవాళ్లు ముట్టుకోరు. గరిటె నోట్లో పెట్టినా, వేలు ముంచి నాకినా ఆ మనిషిని వంటమనిషిగా లెక్కించరు. పొలుసు మాత్రం చేపల పొలుసులు కూడా దాంతోనే గీకేవాడు, తర్వాత కడిగి అదే చెంచా అక్క కుండలో ముంచేవాడు. "ఛీ, దూరంగా పోరా!" అని ఆమె గరిటె చూపించేది. వాడు చప్పరించి రోజూ ఒకే మాట అనేవాడు: "ఉప్పు తక్కువక్కా."

నెల కిందట గడియారం ఆ చెంచాలన్నీ బకెట్లో వేయించి తన గదిలో పెట్టి తాళం వేశాడు. రుచి చూడటం టైం దండగ అన్నాడు, తిండి దొంగతనం అన్నాడు. పొడి పొట్లాల మీద కొలత రాసి ఉంటుంది, దాని ప్రకారం వేస్తే చాలు అన్నాడు.

ఆ సాయంత్రం బట్టలు ఉతికే గదిలో అందరూ చేరారు. ఇస్త్రీ యంత్రాల మోతలో మాట బయటికి పోదు. ఒక్కొక్కరి చేతిలో ఒక అచ్చు కాగితం ఉంది. చేపలు కోసేవాడు కావాలనే తిండి పాడు చేశాడని, తాము కళ్లారా చూశామని అందులో ఉంది. రేవు వచ్చేలోగా సంతకం పెట్టాలి. పెట్టనివాళ్లను వాడితో పాటే పోలీసులకు అప్పగిస్తారట.

"పెట్టేద్దాం," అన్నాడు రొట్టె తాత. ముప్పై ఏళ్లుగా ఆ పొయ్యి దగ్గరే మాడిన మనిషి. "వాడొక్కడు పోతే అరవై ఇళ్లు నిలబడతాయి. నా మీద పడి ఏడవకండి, నిజం చెబుతున్నా."

"రేపు నీ రొట్టెలో పురుగొస్తే నీ మీద ఎవరు పెట్టాలి సంతకం?" అంది గిన్నెలు తోమే వదిన. "నేను పెట్టనా తాతా? వరసకి ముందు నేనే ఉన్నాలే."

మూలనున్న సర్వరు ముందుకొచ్చాడు. మెడకు ఎప్పుడూ బిగించి ఉండే టై వల్ల అతన్ని టై అనే పిలుస్తారు. దవడ మీద తాజా కుట్లున్నాయి.

"మీకేం, కింద దాక్కుంటారు! పైన బూతులు తినేది మేము. కుక్క కూడా ముట్టదిది అని ఒకాయన పళ్లెం నా మొహాన కొట్టాడు. మీరు వండిన పాపానికి నా దవడ పగిలింది."

"నువ్వా మాట్లాడేది? గడియారం చెవిలో ఊదేది మీరు కాదూ?" అని బంగాళాదుంపలు ఒలిచేవాడు అతని టై పట్టి లాగాడు. ఆ సర్వరు మోచేత్తో పొడిచాడు. క్షణంలో పదిమంది ఒకరి మీద ఒకరు పడ్డారు. ఎవరి ముక్కు లోంచో రక్తం చిమ్మి ఉతికిన దుప్పట్ల మీద పడింది.

"ఆగండి! ఆ సూపు పంపింది నేను" అంది సూపక్క.

అందరూ ఆగిపోయారు.

"వాడు నాకు చెప్పాడు. అక్కా, ఈ చేప ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టింది, వద్దు అన్నాడు. నోర్మూసుకో, ఉన్న పని ఊడుతుంది అన్నాను. కుండ దించేముందు చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. చెంచా లేదు. సరేలే అని పంపేశాను. నెలరోజులుగా మనమంతా ఇట్లాగే పంపుతున్నాం, కాదా? గడియారం చెంచాలే తీసుకున్నాడు, నాలుకలు కోసుకుపోలేదు. గరిటె నోట్లో పెట్టకూడదన్న మన మర్యాద మనమే పట్టుకుని కూర్చున్నాం. ఆ మర్యాదే వాడికి తాళమైంది. ఇద్దరు చచ్చారు. ఇప్పుడు నా తమ్ముణ్ణి చంపుతారు."

ఆమె ఏడవలేదు. ఏడ్చేది పొద్దుటే, ఆ బల్ల దగ్గర, ఏడ్చి ఉండాల్సింది.

"అయితే ఏం చేద్దామంటావు?" అన్నాడు టై, మెడకున్న టై సవరించుకుంటూ.

"రేపు మధ్యాహ్నం ఒక్క పళ్లెం కదలదు. వాణ్ణి బయటికి తీసుకొచ్చేదాకా."

టై తల అడ్డంగా ఊపాడు. "అది చాలదక్కా. ఆకలేస్తే పైవాళ్లు మమ్మల్నే కొడతారు. ఎవరు పెట్టారో, ఏం పెట్టారో వాళ్ల కళ్లకి కనబడాలి. పైకే వెళ్దాం. తలుపులు మేం తీస్తాం."

బంగాళాదుంపలవాడు ఒక తడిగుడ్డ తెచ్చి టై చేతికిచ్చాడు, దవడ తుడుచుకోమని. రొట్టె తాత తన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పన్నెండు గంటలకు వంటశాలలో పొయ్యిలు మండుతున్నాయి, చేతులు మాత్రం కట్టుకుని ఉన్నాయి. కుండలు నిండుగా ఉన్నాయి. పళ్లేలు ఖాళీగా ఉన్నాయి.

గడియారం పన్నెండు మంది గార్డులతో దిగాడు.

"ఐదు నిమిషాలు," అని చేతిలో గడియారం నొక్కాడు. "ఎవరు నాయకుడు?"

అతని చూపు రొట్టె తాత మీద ఆగింది. ముసలివాడు, లొంగుతాడనుకున్నాడు. "నీ సంతకం ఏదీ?"

తాత జేబులోంచి కాగితం తీశాడు. పొయ్యి తలుపు తెరిచి లోపలికి విసిరాడు. "కాలింది సార్," అన్నాడు, "మీ కొలత ప్రకారమే."

గార్డు తాత మణికట్టు పట్టి, అరచేతిని ఆ ఇనుప తలుపుకే అదిమాడు. చర్మం కాలిన వాసన లేచింది. తాత అరుపు ఓడ రేకుల్లో మోగింది.

ఈసారి సూపక్క గరిటె ఆగింది. మరుగుతున్న సూపు నిండా ముంచి గార్డు ముఖాన కొట్టింది.

తర్వాత జరిగినదానికి వరస లేదు. లాఠీలు పడ్డాయి. గిన్నెల వదిన వేడినీళ్ల గొట్టం తిప్పి గార్డులను గోడకు తరిమింది. ఒకడు ఆమె జుట్టు పట్టి తల గట్టుకేసి బాదితే, బంగాళాదుంపలవాడు ఇనుప పళ్లెంతో వాడి మోకాలు విరగ్గొట్టాడు. నేల మీద నూనె, నెత్తురు కలిసి జారుతున్నాయి. టై వెంట సర్వర్లంతా పైనుంచి మెట్ల మీదుగా దూకి వచ్చారు, తెల్ల చొక్కాలు క్షణంలో ఎర్రబడ్డాయి. పావుగంటలో పన్నెండు మంది గార్డులనూ మాంసం దాచే చల్లగదిలోకి తోసి గడియ పెట్టారు, గడియారాన్ని మాత్రం బయటే పట్టి ఉంచారు. వాళ్లు చావకుండా అందులో కరెంటు ఆపినవాడు రొట్టె తాతే, కాలిన చేత్తో.

గడియారం గది తలుపు పగలగొట్టారు. బకెట్టు బోర్లించారు. అరవై ఒక్క చెంచాలు, అన్నీ ఒకే ఉక్కు. అయినా ఎవరి చెంచా వాళ్లు చూస్తూనే పట్టారు. ఒకదానికి దారం, ఒకదానికి పంటి గాటు, ఒకదానికి మాడిన మచ్చ. చేపల పొలుసులు గీకి అంచు అరిగిన చెంచాను సూపక్క తీసుకుంది.

బంగాళాదుంపల గదిలో పొలుసు పడి ఉన్నాడు. పెదాలు ఎండి పగిలాయి. కుడిచేతి వేళ్లు దేనికది పక్కకు తిరిగి ఉన్నాయి. మళ్లీ కత్తి పట్టే చెయ్యి కాదది.

"వచ్చావా," అన్నాడు.

"ఆలస్యమైందిరా," అంది ఆమె. "నన్ను తర్వాత తిట్టుకుందువుగాని."

పళ్లేలు తోసుకెళ్లే బండి మీద దుప్పటి పరిచి అతన్ని పడుకోబెట్టారు. పక్కనే ఆ రోజు వండిన చేప కుండ పెట్టారు. అదే పెట్టెల చేప. గడియారం మెడ పట్టి ముందు నడిపించారు. సర్వర్లు తలుపులు తీశారు.

పైన భోజనశాలలో అద్దాల దీపాలు, తెల్లటి గుడ్డలు, ఆకలితో విసుగెత్తిన వందల మంది. నెత్తురోడుతున్న మనుషులు బండి తోసుకుంటూ వచ్చేసరికి కేకలు పుట్టాయి. ఒకామె లేచి, "మా సెలవులు నాశనం చేశారు!" అని అరిచింది. టై దవడ పగలగొట్టిన పెద్దమనిషి కూడా అక్కడే ఉన్నాడు.

టై ఒక కుర్చీ ఎక్కాడు. "మూడు రోజుల కిందట మీకు జబ్బు చేసిన చేప ఇదే. ఈరోజు మళ్లీ ఇదే వండమన్నారు. వద్దన్న మనిషి ఇతను. ఇతని చెయ్యి చూడండి. మేమేం అడగం. ఈ సారు ఒక్క చెంచా తింటే చాలు, మేమే అబద్ధమని ఒప్పుకుంటాం."

సూపక్క తమ్ముడి చెంచాతో కుండలోంచి తీసి గడియారం నోటి దగ్గర పెట్టింది.

గడియారం పళ్లు బిగించి తల పక్కకు తిప్పుకున్నాడు. మళ్లీ పెట్టింది. మళ్లీ తిప్పుకున్నాడు. మూడోసారి మోకాళ్ల మీద కూలబడి, "వద్దు, వద్దు" అన్నాడు.

ఆ పెద్దమనిషి టై దవడ వైపు చూసి, చేతిలో ఉన్న ఫోర్కు బల్ల మీద పెట్టేశాడు. పక్క బల్లవాళ్లూ పెట్టారు.

అప్పుడే రెండో తలుపులోంచి కెప్టెన్ గార్డులు విరుచుకుపడ్డారు. ప్రయాణికులు చూస్తుండగానే కొట్టారు, బల్లల కిందికి ఈడ్చి కొట్టారు. ఇనుప పొన్ను లాఠీ ఒకటి సూపక్క తల మీదికి లేచింది. బండి మీది మనిషి ఆ క్షణంలో ఎలా లేచాడో ఎవరికీ తెలియదు. అక్క మీద అడ్డంగా పడ్డాడు. లాఠీ అతని కణత మీద దిగింది.

సూపక్క వాడి తల ఒళ్లో పెట్టుకుంది. ఉప్పు తక్కువక్కా అంటాడేమోనని పెదాల వైపే చూసింది. వాడేమీ అనలేదు.

గుండె ఆగి మరణించాడని ఓడ డాక్టరు రాశాడు.

మర్నాడు ఓడ రేవుకు చేరింది. పోలీసులు అడిగితే గడియారం అచ్చు కాగితాల దొంతర తెచ్చాడు. తాత కాల్చింది పోగా మిగిలినవాటిలో ఒక్కదాని మీదా సంతకం లేదు. అయినా సూపక్కతో పాటు ఇంకో పదకొండు మందికి బేడీలు పడ్డాయి. రొట్టె తాత కాలిన చేతికి బేడీ బిగించలేక రెండో చేతికి తాడు కట్టారు.

మధ్యాహ్నం వేళ వాళ్లను వంతెన మీదుగా దింపుతున్నారు. రేవులో పక్కనే అదే కాంట్రాక్టరు వంట నడిపే ఇంకో ఓడ ఆగి ఉంది, కబురు అప్పటికే దానికి పాకింది. దాని అడుగు అంతస్తులో గుండ్రటి కిటికీలు వరసగా ఉన్నాయి. అందులో ఒకటి తెరుచుకుంది. ఎవరిదో తెలియని చెయ్యి, పిండి అంటిన చెయ్యి, బయటికొచ్చింది. వేళ్ల మధ్య చెంచా ఉంది. దాంతో ఓడ ఇనుప గోడ మీద ఒక్క దెబ్బ వేసింది. ఇంకో కిటికీ తెరుచుకుంది. ఇంకో చెయ్యి. వెనక సూపక్క ఓడలో మిగిలిన నలభై ఎనిమిది మంది అందుకున్నారు. రేవంతా మోగింది.

పోలీసు అధికారి అదిరిపడి సూపక్క భుజం పట్టి ఆపాడు. "ఏమిటా చప్పుడు? ఏం చేస్తున్నారు వాళ్లు?"

బేడీల చేతులతోనే ఆమె చొక్కా జేబు తడుముకుంది. అంచు అరిగిన చెంచా అక్కడే ఉంది.

"భోజనం వేళైంది సార్," అంది. "రుచి చూస్తున్నారు."