దుర్గయ్య వేళ్ళు

కేసముద్రం మార్కెట్ యార్డు గేటు దాటి స్టేషన్ రోడ్డులోకి తిరగగానే దుర్గయ్య షెడ్డు కనిపిస్తుంది. బోర్డు లేదు. ముప్పై నాలుగేళ్ళుగా పాత బుల్లెట్ బండ్లు బాగుచేస్తున్న మనిషికి బోర్డెందుకని ఆయన అభిప్రాయం. నూనె డబ్బాలకు లేబుళ్ళు కూడా ఎందుకనే ఆయన అభిప్రాయం.

షెడ్డు మూలన రెండు డబ్బాలుంటాయి. ఒకదాంట్లో తొంభై నంబరు నూనె. పాత బుల్లెట్‌కు ఇంజన్ నూనె వేరు, గేర్ బాక్సు నూనె వేరు. ఆ గేర్ బాక్సులోకి పోసేది ఈ తొంభై. రెండో దాంట్లో ఉన్నది నూటనలభై. అది ఇంకా చిక్కన, ట్రాక్టర్ల వెనక ఇరుసుకు పోస్తారు. రెండూ మానుకోటలో ఒక కొట్లో డ్రమ్ములోంచి విడిగా పోయించుకొచ్చినవే. డబ్బాలూ ఒకే రకం, వాటికి పట్టిన మురికీ ఒకే రకం. ఏది ఏదో దుర్గయ్య ఒక్కడికే తెలుసు. ఆయనకైనా వేలు ముంచితే తప్ప తెలియదు. మూత తీసి, చూపుడు వేలు ముంచి, బొటనవేలితో రుద్ది, రెండు వేళ్ళనూ మెల్లగా విడదీసి, ఒక్క క్షణం ఎటో చూసేవాడు. తర్వాత “ఊఁ” అనేవాడు. బండి తెచ్చినవాళ్ళు ఆ “ఊఁ” కోసమే పక్కన నిలబడేవాళ్ళు. పెళ్ళిలో ముహూర్తం చెప్పే అయ్యగారి ముందు కూడా అంత భక్తిగా నిలబడరేమో.

రోడ్డుకు అవతల యుగేందర్ కొత్త బండ్లు చేస్తాడు. సీలు విప్పని డబ్బాలు, కంపెనీ పుస్తకం, ఏ బండికి ఏ నూనె అని గోడకు అంటించిన పట్టిక. దుర్గయ్యకు ఆ పట్టిక చూస్తే నవ్వొచ్చేది.

“ముంజేతి కంకణానికి అద్దమెందుకు తమ్మీ,” అనేవాడు. యుగేందర్ మంచివాడు, ఎదురు చెప్పేవాడు కాదు.

కార్తీకంలో తండా నుంచి దేవ్యా తన బుల్లెట్ తెచ్చాడు. పొద్దున్నే రెండు పాల క్యాన్లు కట్టుకుని పాలకేంద్రానికి వచ్చే మనిషి. తండ్రి నడిపిన బండి అది. గేర్ బాక్సు నూనె మార్చాలన్నాడు. దుర్గయ్య మొదటి డబ్బాలో వేలు ముంచాడు. నీళ్ళు ముట్టుకున్నట్టు అనిపించింది. మానుకోటవాడు ఏదో పలుచటి సరుకు అంటగట్టాడనుకున్నాడు. రెండో డబ్బాలో ముంచాడు. అదీ పలుచగానే ఉంది గానీ మొదటి దానికన్నా కాస్త నయం. అయితే ఇదే తొంభై అనుకున్నాడు. “ఊఁ” అని పోశాడు. దేవ్యా తృప్తిగా వెళ్ళిపోయాడు.

చలి ముదిరాక దేవ్యా మళ్ళీ వచ్చాడు. పొద్దున పూట గేరు పడటం లేదన్నాడు.

“బండికేం కాలే. చలికి నీ కాలు బిగుసుకపోతుంది. జర గట్టిగ తొక్కు,” అన్నాడు దుర్గయ్య.

పది రోజులకు మళ్ళీ వచ్చాడు. న్యూట్రల్ దొరకడం లేదు, లోపల ఏదో మూలుగుతున్నదన్నాడు. ఈసారి దుర్గయ్య తప్పంతా క్యాన్ల బరువు మీదికి నెట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పు దేవ్యా కాలిదయింది, తర్వాత పాలదయింది, నూనెది మాత్రం కాలేదు. ఎందుకంటే నూనెకు దుర్గయ్య “ఊఁ” అన్నాడు.

మూడోసారి బండి ట్రాలీ ఆటోలో వచ్చింది. గేరు వేస్తే చక్రం బిగుసుకుంటున్నది. దేవ్యా ముఖం కూడా అలాగే ఉంది.

“పాలు ఇయ్యాల పక్కింటోని బండి మీద పంపిన అన్న. రోజూ ఎవలు పంపనిస్తరు? నాలుగు రోజులు నాగా పెడితే సెంటరోళ్ళు ఇంకొకన్ని పెట్టుకుంటరు.”

“కూసో. సూస్త,” అన్నాడు దుర్గయ్య.

కింద తట్ట పెట్టి గేర్ బాక్సు బోల్టు విప్పాడు. నూనె వెంటనే కారలేదు. బోల్టు రంధ్రం దగ్గర లావుగా ఉబ్బి, ఆలోచించుకుని, జారింది. తట్టలో పడ్డ నూనెలో సన్నటి ఇత్తడి పొడి ఎండకు తళతళలాడింది. లోపల ఇరుసును పట్టుకుని ఉండే ఇత్తడి తొడుగు, బుష్, అరిగిపోయింది. చిక్కటి నూనె గేర్ పళ్ళకు పట్టుకుంటుంది గానీ బుష్ సందులోకి దూరదు. అది కొత్తగా పనిలో చేరినవాడికి మొదటి రోజే చెప్పే సంగతి. దుర్గయ్యకు ఒళ్ళు మండింది.

“ఎవడు పోసిండు గిది? గేర్ బాక్సుల ట్రాక్టర్ నూనె పోసెటోని చెయ్యి ఇరగ్గొట్టాలె. ఎవని కాడికి పోయినవ్?”

దేవ్యా అటూ ఇటూ చూశాడు. “నువ్వు గాక ఎవలు ముట్టిన్రు అన్న? మా బాపు ఉన్నప్పటి సంది నీ చెయ్యే గద.”

దుర్గయ్య బోల్టును గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు. ఆ తర్వాత ఆయన నోట్లోంచి వచ్చిన మాట ఆయనకే వింతగా వినిపించింది.

“కల్తీ నూనె అయితది. మానుకోటోడు మోసం చేసిండు.”

దేవ్యా నమ్మాడు. అదే పెద్ద ఇబ్బంది. అనుమానించి ఉంటే దుర్గయ్య గొడవ పడేవాడు, గొడవలో ఎంతో కొంత మనశ్శాంతి దొరికేది. నమ్మినవాడితో ఏం చేస్తాం? దేవ్యా టీ తాగొస్తానని వెళ్ళాడు.

దుర్గయ్య మూలకు వెళ్ళి రెండు డబ్బాల మూతలూ తీశాడు. ఒకదాంట్లో కుడి చూపుడు వేలు, ఇంకోదాంట్లో ఎడమ చూపుడు వేలు ముంచాడు. రుద్దాడు. విడదీశాడు. కళ్ళు మూసుకున్నాడు. రెండు వేళ్ళకూ గుడ్డ చుట్టుకుని రుద్దుకున్నట్టే ఉంది. తుడుచుకుని చేతులు మార్చి చూశాడు. అప్పుడూ అంతే. భయమేసింది. ముప్పై నాలుగేళ్ళలో ఇంజన్ మీద పడి చేయి విరిగినప్పుడు కూడా అంత భయం వేయలేదు.

షెడ్డును ఆనుకునే ఆయన భార్య చిలుకమ్మ కొట్టు. యార్డుకు వచ్చే హమాలీలకూ, రైలెక్కేవాళ్ళకూ పల్లి పట్టీలు చేసి అమ్ముతుంది. రోజూ పొద్దున బెల్లం పాకం చుక్క తీసి ఇలాగే వేళ్ళ మధ్య రుద్ది చూస్తుంది. తీగ సాగితే ఒక లెక్క, తెగితే ఒక లెక్క. ఆ పని తెలిసిన మనిషి కాబట్టి, పొయ్యి దగ్గర నుంచే మొగుడి వేళ్ళను చూసింది. మంట తగ్గించి వచ్చింది.

“ఒక్క తీరుగ ఎన్నిసార్లు రుద్దుతవ్?”

“నూనె మంచిది కాదే.”

“మొన్న సైలెన్సర్ మీద చెయ్యి కాలితే ఎట్ల తెల్సింది నీకు?”

చేయి కాలిన సంగతి ముక్కుకు తెలిసింది. చర్మం కమురు వాసన వచ్చాక చూసుకుంటే అరచేయి అంచున బొబ్బ ఉంది. గట్టిపడ్డ చేయి కదా, నొప్పి ఏముంటుందిలే అనుకున్నాడు. షుగర్ ఎనిమిదేళ్ళుగా ఉంది. గోళీలు గుర్తుకొచ్చినప్పుడు వేసుకుంటాడు. టీలో చక్కెర మానేశాడు కాబట్టి జబ్బుకు న్యాయం చేసినట్టేనని ఆయన నమ్మకం. పల్లి పట్టీలు బెల్లంవి కాబట్టి వాటిని చక్కెరలో లెక్కేయలేదు.

“చెయ్యి ఇటియ్యి. కండ్లు మూస్కో,” అంది చిలుకమ్మ.

ఆయన స్టూలు మీద కూర్చుని చేయి చాపి కళ్ళు మూసుకున్నాడు. యార్డులో లారీ వెనక్కు వస్తూ హారన్ కొడుతున్నది. పొయ్యి మీద పాకం చిటపటలాడుతున్నది.

“ఏ వేలు పట్టుకున్న?”

దుర్గయ్య ఆలోచించాడు. చివరి పరీక్షలో చివరి ప్రశ్న అన్నట్టు ఆలోచించాడు. “చూపుడు వేలు.”

ఆయన కళ్ళు తెరిచేసరికి ఆమె రెండు చేతులూ కొంగులో ఉన్నాయి.

“నేనింకా ముట్టనే లేదు,” అంది.

ఆమె ఏడవలేదు. రేపు పొద్దున్నే దవాఖానకు పోదాం అని మాత్రం అంది. పాకం మాడుతున్న వాసన వస్తే లేచి వెళ్ళింది. దుర్గయ్య తన చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరో రిపేరుకు తెచ్చిన సామానులా కాసేపు చూశాడు.

మధ్యాహ్నానికల్లా బుష్ మార్చాడు. బోల్టులు బిగించడానికి వేళ్ళకు పెద్ద తెలివి అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. ఇక నూనె పోయాలి. దేవ్యా అలవాటు ప్రకారం వచ్చి పక్కన నిలబడ్డాడు, ఆ “ఊఁ” కోసం.

ఇప్పుడు కళ్ళతో చూసి కూడా పోయొచ్చు. రెండు చుక్కలు రేకు మీద వేసి వంచితే ఏది ముందు జారుతుందో తెలిసిపోతుంది. వేలు ముంచినట్టు నటించి “ఊఁ” అంటే దేవ్యా వెళ్ళిపోతాడు, మానుకోటవాడు దొంగగా మిగిలిపోతాడు, దుర్గయ్య దుర్గయ్యగానే ఉంటాడు. ఆయనకు ఆ ఆలోచన రాలేదని చెప్పడం అబద్ధమవుతుంది. వేలు డబ్బా అంచు దాకా వెళ్ళింది కూడా. అక్కడ ఆగింది.

“దేవ్యా.”

“ఆఁ, అన్న.”

“నూనె కల్తీ కాదు. మానుకోటోనికి ఏం సంబంధం లేదు. నేనే నూటనలభై పోసిన. నా వేళ్ళకు సోయి పోయింది. షుగర్ తోనే అయితది. నీ కాలును, నీ పాలను అన్న గని, తప్పు నాది.”

దేవ్యా బండి వైపు చూశాడు, దుర్గయ్య చేతి వైపు చూశాడు. కోపం వచ్చే ఉంటుంది. అది ఎటు పోయిందో గానీ నోటిదాకా రాలేదు.

“ఇప్పుడెట్ల మరి?” అన్నాడు చివరికి.

“నువ్వే ముట్టి సూడు.”

దేవ్యా మొదటి డబ్బాలో వేలు ముంచి, ఇన్నేళ్ళూ చూసినట్టే బొటనవేలితో రుద్ది, మెల్లగా విడదీశాడు. తుడుచుకుని రెండో దాంట్లో ముంచాడు.

“గిది బంకలెక్క ఉన్నది. ముందటిది పల్చగున్నది.”

“ఎట్ల పల్చగ?”

పరీక్షించడానికి అడిగిన మాట కాదు అది. దుర్గయ్యకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది. దేవ్యా మళ్ళీ వేలు ముంచాడు. మాట కోసం వెతుక్కున్నాడు.

“మా ఇంట్ల నెయ్యి కాచి దించినంక, జర సల్లారితే ఎట్లుంటదో, గట్ల. జారుతది గని వేలును ఇడిసిపెట్టది.”

దుర్గయ్య కళ్ళు మూసుకుని, ఏమీ లేని తన రెండు వేళ్ళనూ రుద్దుకున్నాడు. మెల్లగా విడదీశాడు.

“ఊఁ,” అన్నాడు. “గదే. ఇగ పొయ్యి.”