రెండు చుక్కల గ్లాసు

ఇరవై రెండో గ్లాసు కడిగి గుడ్డ మీద బోర్లించి, ఇరవై మూడోది చేతిలోకి తీసుకున్నాడు అబ్బులు. అడుగున రెండు ఎర్రచుక్కలున్న ఆ గ్లాసును మాత్రం బోర్లించడు. మూడు చెంచాల పంచదార వేసి, పాలు లేని టీ పోసి, సాసరు మూతపెట్టి గట్టు మీద ఓ పక్కన ఉంచుతాడు. ఆలస్యంగా వచ్చేవాళ్ళ టీ చల్లారిపోకుండా అలా మూతపెట్టడం అతనికి మొదటినుంచీ అలవాటు. సాయంత్రం దాకా చూస్తాడు. ఎవరూ రారు. పారబోసి ఇంటికి పోతాడు. ఆగస్టు రెండో తేదీన ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది మొదలు ఈ సెప్టెంబరు నెలాఖరు దాకా ఇదే వరస.

నిజానికి ఆ ఆఫీసులో ఇప్పుడు టీ తాగే మనిషే లేడు. ముదీర్, అంటే మేనేజరు, వేసవికి విదేశం వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. గుమాస్తాలు ఒక్కొక్కరే జోర్డాన్ వైపు వెళ్ళిపోయారు. కువైట్ నగరంలోని షర్క్ పేటలో చేపల మార్కెట్టుకు రెండు వీధుల అవతల ఉన్న ఆ నాలుగంతస్తుల భవనానికి మిగిలింది ఇద్దరు: కింద కాపలా కాసే రాయచోటి మహమ్మద్ గౌస్, పైన టీ పెట్టే అబ్బులు. రోడ్డు మీద సైనికుల తనిఖీ దాటుకుని, ఇఖామా, అంటే నివాస అనుమతి కార్డు, చూపించుకుని, ఎవరూ లేని ఆఫీసుకు రోజూ ఎందుకు వస్తున్నావని గౌస్ ఒకసారి అడిగాడు. "గదిలో కూకుంటే తోచట్లేదు గౌసుభాయ్" అన్నాడు అబ్బులు. అది సగం నిజం.

అతన్ని టీబాయ్ అంటారు. నలభై ఎనిమిదేళ్ళు వచ్చాయి, మీసం సగం తెల్లబడింది, రాజోలు దగ్గర సొంతూళ్ళో మనవడు కూడా పుట్టాడు, అయినా బాయే. బక్కపలచటి మనిషి. మెడదాకా బొత్తాలు పెట్టుకున్న చొక్కా, నూనె రాసి అణిచి దువ్విన జుట్టు. ఎడమచేతి బొటనవేలు ఎప్పుడో కాలి, తెల్లగా బొల్లిమచ్చలా ఉంటుంది. పదకొండేళ్ళుగా ఆ ఆఫీసులో ట్రే పట్టుకుని తిరిగాడు గానీ, రేపు వీధిలో ఎదురుపడితే గుర్తుపట్టేవాళ్ళు నలుగురు కూడా ఉండరు. అతనికి మాత్రం అందరూ గుర్తే. ఎవరికి ఎన్ని చెంచాలు, ఎవరికి పుదీనా ఆకు, ఎవరు ఉపవాసమంటూనే చాటుగా తాగుతారు, అన్నీ తెలుసు. ఒకరి ఎంగిలి ఒకరికి అంటకూడదని, పక్క ఆఫీసు టైపిస్టు పారేసిన గోళ్ళరంగు సీసాతో గ్లాసుల అడుగున తలో గుర్తూ పెట్టాడు. ఒకరికి గీత, ఒకరికి సున్నా, ఒకరికి ఇంటూ. ఆఫీసు పికప్పు నడిపే పెంచల్‌కు రెండు చుక్కలు.

ఆ గుర్తులే కొంపముంచాయి.

రేపు తెల్లవారితే అబ్బులు బస్సెక్కాలి. పాస్‌పోర్టు ముదీర్ బీరువాలో ఉండిపోయింది కాబట్టి, ఎంబసీ వాళ్ళు ఒక కాగితం ఇచ్చారు. బాగ్దాద్ మీదుగా జోర్డాన్, అక్కణ్ణుంచి విమానంలో బొంబాయి. అందరూ ఎదురుచూసే ఆ జాబితాలో పేరు వచ్చినందుకు అతనికి సంతోషం కలగలేదు. వెళ్ళేలోగా పెంచల్ కనిపించాలి. కనిపిస్తే ఒక మాట చెప్పాలి. నాలుగు నెలలుగా గొంతులో ముల్లులా ఉన్న మాట అది.

టీ గది అలమరలోంచి కాగితాల కట్ట దించుకుని, స్టూలు మీద కూర్చుని రబ్బరుతో ఒక్కొక్కటీ తుడవడం మొదలుపెట్టాడు. ప్రతి కాగితం వెనక, కింది మూలన పెన్సిలుతో చిన్న గుర్తు. గీత తుడిచాడు. సున్నా తుడిచాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కినవాడికి కడుక్కోవడం తప్ప ఇంకేం మిగులుతుంది?

ఆ కాగితాలు సత్యశ్రీ గారివి. ఫింటాస్‌లో ఉండే ఇంజనీరుగారి భార్య ఆవిడ. బిజినెస్ మేనేజ్‌మెంట్‌లో పరిశోధన చేస్తోంది. పనివాడు తన పని గురించి ఏమనుకుంటాడు, తృప్తి ఉన్నవాడి నడవడి ఎలా ఉంటుంది, లేనివాడిది ఎలా ఉంటుంది, ఇదీ ఆవిడ విషయం. అడిగితే పనివాడు చెబుతాడని నమ్మడం చదువుకున్నవాళ్ళకే చెల్లింది. ఏప్రిల్లో వచ్చి, ఎవరి భాషలో వాళ్ళకు ప్రశ్నల కాగితాలు పంచింది. పేరు రాయక్కర్లేదంది. వెళ్తూ వెళ్తూ టీ గదిలోకి తొంగిచూసి, "ఒక్క కాగితం కూడా తప్పిపోకుండా మీరే వసూలు చెయ్యాలి, అబ్బులు గారూ" అంది.

గారూ. పదకొండేళ్ళలో ఆ మాట కువైట్‌లో అతని పేరు పక్కన పడటం అదే మొదలు. దాంతో మనిషికి కాళ్ళు నేల మీద ఆనలేదు. ఎవరు ఇచ్చారో ఎవరు ఇవ్వలేదో తెలియాలి కదా అని, పంచేముందే ప్రతి కాగితం వెనకా గ్లాసు గుర్తు పెట్టేశాడు. అది తప్పని తోచనే లేదు. టీ గ్లాసుకు పనికొచ్చిన తెలివి కాగితానికి పనికిరాదా అనుకున్నాడు.

అందరూ తెలివిగా 'చాలా సంతృప్తి' గడిలో టిక్కు కొట్టి ఇచ్చేశారు. పెంచల్ ఒక్కడే కాగితం తిప్పుతూ నిలబడ్డాడు. రాజంపేట దగ్గరి పల్లె, ఐదో తరగతి దాకా చదువు.

"అన్నా, నిజం రాస్తే ఏమీ కాదా?"

"పేరే లేదు కదరా. రాసెయ్యి. నాదీ పూచీ."

పెంచల్ రాశాడు. 'ఆపీసు డైవరని తెచ్చినారు. సుక్కురారం గూడా సల్వాలో ముదీరు ఇంటికాడ చాకిరీ. మా నాయన చచ్చిపోతే పంపలేదు.' మూడే మూడు వాక్యాలు.

కట్ట ముదీర్ బల్ల మీద రెండు రోజులుంది. మూడో రోజు అబ్బులు టీ ట్రేతో లోపలికి వెళ్ళగానే ముదీర్ ఒక కాగితం తీసి, ఇది నీ భాషే కదా, చదివి చెప్పమన్నాడు హిందీలో. అబ్బులు చదివాడు. ఒక్క ముక్క మింగకుండా హిందీలోకి మార్చి చెప్పాడు. ఎందుకు చెప్పాడంటే, ఈ మాట రాయడానికే సిగ్గేస్తుంది, అంత పెద్దమనిషి తనను చదవమని అడిగినందుకు లోపల ఎక్కడో ఒక గర్వం. ముదీర్ కాగితం వెనక్కి తిప్పాడు. రెండు చుక్కలు. ఇక మాట్లాడకుండా ట్రేలోని గ్లాసులు ఒక్కొక్కటే ఎత్తి అడుగు చూశాడు. నాలుగో గ్లాసు ఎత్తి పట్టుకుని అడిగాడు, "ఇదెవరిది?"

తెలియదనవచ్చు. వేరే పేరు చెప్పవచ్చు. తనదే అనవచ్చు. ట్రే కింద పడేసి ఉన్నా సరిపోయేది.

"పెంచల్‌ది సార్" అన్నాడు అబ్బులు.

వారం తిరక్కుండా పెంచల్‌ను అబ్దలీలో ఉన్న ముదీర్ మజరాకు, అంటే తోటకు, గొర్రెలు కాయడానికి పంపేశారు. కట్ట మాత్రం, సత్యశ్రీ గారు వచ్చి తీసుకునేదాకా ఉండనిమ్మని, టీ గది అలమరకు చేరింది. ఇరాక్ సరిహద్దు అక్కడికి కూతవేటు దూరం. వెళ్ళే రోజు పెంచల్ టీ గదికి వచ్చాడు. "ఎవురు చెప్పినారో అర్థమే కాకుండాదన్నా. పేరు లేదు గదా" అన్నాడు. అబ్బులు ఆ రోజు నాలుగు చెంచాలు పంచదార వేశాడు, నోరు మాత్రం తెరవలేదు. తాగి గ్లాసు చేతికిస్తూ, "ఇది ఎవురికీ ఈయద్దన్నా. మల్లా వస్తా" అన్నాడు పెంచల్.

ఆగస్టు రెండున ట్యాంకులు మొదట దాటింది ఆ అబ్దలీ పక్కనుంచే.

పది గంటలవేళ మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. సత్యశ్రీ గారు. వెనకే తాళాల గుత్తితో గౌస్. ఆవిడ ముఖం నల్లబడింది, జడ సరిగ్గా వేసుకోలేదు. వాళ్ళ బస్సు ఎల్లుండి. మనిషికి ఒక్క సంచే పట్టుకెళ్ళనిస్తారట. "బట్టలు తగ్గించుకున్నాను అబ్బులు గారూ. రెండేళ్ళ కష్టం, ఈ కాగితాలు తీసుకెళ్తాను" అని కట్ట అందుకుంది. నాలుగైదు తిరగేసి ఆగింది. "వెనక ఈ మరకలేంటి? ఏం తుడిచారు?"

చేసిన పాపం చెప్పుకుంటే పోతుందంటారు. ఎవరికి చెప్పుకోవాలో మాత్రం ఆ సామెత చెప్పదు. చెప్పుకోవలసినవాడు ఎడారి అవతల ఉన్నాడు, అడిగింది ఈవిడ. అబ్బులు లేచి నిలబడి, రబ్బరు పొడి అంటిన చేతులు చొక్కాకు తుడుచుకుని, గుర్తుల సంగతి, గ్లాసు సంగతి, తన నోటితో పేరు చెప్పిన సంగతి అన్నీ చెప్పేశాడు. ఒక్కదాన్నీ తగ్గించలేదు.

"తమరు గారూ అన్నారండి. ఆ మాట నిలబెట్టుకోవాలనుకున్నానండి. ఇలా అయిపోద్దనుకోలేదండి. రేపు ఎల్లేలోగా ఆడు కనపడితే కాళ్ళు పట్టుకుందావనుకుంటున్నానండి. ఈ గౌసుభాయ్‌కి కూడా చెప్పేనండి, అటునించొచ్చినోళ్ళని అడగమని."

సత్యశ్రీ చేతిలోని కట్ట అంచులు సర్దింది. తర్వాత నెమ్మదిగా, "ఆ కట్టను ఆయన బల్ల మీద పెట్టింది నేనే. అనుమతి ఇచ్చినాయన ఒకసారి చూస్తానంటే కాదనలేకపోయాను. ఎవరు ఏం రాశారో ఎవరికీ తెలియనివ్వనని పై కాగితం మీద సంతకం పెట్టింది కూడా నేనే" అంది. ఒక మనిషి సిగ్గుపడుతుంటే చూడటం కష్టం. ఇద్దరు ఒకరి ముందొకరు సిగ్గుపడుతుంటే ఆ చిన్న గదిలో నిలబడటానికి చోటు చాలలేదు.

గుమ్మంలో నిలబడ్డ గౌస్ తాళాల గుత్తిని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

"అబ్బులన్నా, ఇంగ అడగబల్లేదులే."

అబ్బులు అటు తిరిగాడు.

"పదిదినాలయింది నాకు తెలిసి. రొట్టెల లైన్లో ఒగడు కనపన్యాడు, రాజంపేటోడే, అబ్దలీ నుంచి వచ్చినోడు. నువ్వు దినామూ ఆ గ్లాసు పెట్టుకోని కూచుంటాంటే చెప్పేకి నోరు రాల్యా. ముగ్గురు నడిచినారంట, తోటల్లో నుంచి. ఆగస్టు ఎండ. రెండోదినం ముత్లా గుట్ట కాడ పెంచలయ్య కూలబన్యాడంట. నీళ్ళు ఐపోయినాయంట. ఆడ్నే ఇసకలో పెట్టి వచ్చినారు."

పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. అబ్బులు చెయ్యి చాపి పొయ్యి ఆపాడు. ఎందుకు ఆపాడో అతనికే తెలియదు.

"ముందర వచ్చే జహ్రా ఊర్లోనే నిలబడదామని తక్కినోళ్ళు అన్యారంట. వాడు ఇనలేదంట. షర్క్ దాకా పోదాం పాండి, ఆడ అబ్బులన్న ఉండాడు, నాకు గ్లాసు ఉండాది, పోతానే టీ ఇస్తాడు అన్యాడంట." గౌస్ తలవంచుకున్నాడు. "నీ మింద అనుమానమే లేదన్నా వానికి."

తిట్టి ఉంటే బాగుండేది. ఉమ్మేసి ఉన్నా అబ్బులు తుడుచుకునేవాడు. అనుమానమే లేకుండా చచ్చిపోయినవాడి దగ్గర ఏం చెప్పుకుని క్షమాపణ అడగాలి? స్టూలు మీద కూర్చుని, కాలిన బొటనవేలిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని, నేలవైపు చూస్తూ ఉండిపోయాడు. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా తనకు హక్కు లేదనిపించింది.

సత్యశ్రీ కట్టను తిరిగి అలమరలో పెట్టేసింది. "ఇవి నేను తీసుకెళ్ళను. ఇరవై రెండు కాగితాల్లో భయం రాసి ఉంది. నిజం రాసినవాడికి ఇలా అయింది. దీని మీద పట్టా పుచ్చుకోలేను" అంది. మెట్లు దిగుతూ ఒకచోట ఆగి, గోడకు చెయ్యి ఆనించి, మళ్ళీ దిగింది.

మధ్యాహ్నానికల్లా అబ్బులు లేచాడు. నేల తుడిచాడు. సింకు తోమాడు. పంచదార డబ్బా చీమలు పట్టకుండా మూత బిగించాడు. అలమరలోంచి పెంచల్ కాగితం ఒక్కటి తీశాడు. దాని వెనక రెండు చుక్కల చుట్టూ ముదీర్ ఎర్రసిరాతో సున్నా చుట్టి ఉంచాడు, అది రబ్బరుకు పోదు. నాలుగు మడతలు పెట్టి, ఎంబసీ కాగితంతో కలిపి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. కింద గౌస్‌కు తాళం చెవి ఇచ్చాడు.

"రాజంపేట కాడ పెంచల్ ఊరేదో చెప్పు గౌసుభాయ్."

గౌస్ ఊరి పేరు చెప్పాడు. "పోయి ఏం చెప్తావన్నా?"

"ఎవరు చెప్పేరో చెప్తాను."

చెబుతాడా? బొంబాయిలో దిగాక, రైలెక్కాక, రాజంపేట స్టేషను వచ్చాక కాళ్ళు దిగనిస్తాయా? మనిషి పిరికివాడు, ఆ సంగతి అతనికి అందరికంటే బాగా తెలుసు. అందుకే ఊరి పేరు మరిచిపోకుండా దారంతా గొణుక్కుంటూ, తనిఖీ దగ్గర సైనికుడికి చేతులెత్తి చూపించి, దాటి వెళ్ళిపోయాడు.

సాయంత్రం గౌస్ టీ గది తాళం వేయడానికి పైకి వెళ్ళాడు. గట్టు మీద గుడ్డ పరిచి, ఇరవై రెండు గ్లాసులు వరసగా బోర్లించి ఉన్నాయి. ప్రతిదాని అడుగునా గోళ్ళరంగు గీకేసి, ఏది ఎవరిదో తెలియకుండా ఉంది. వాటి పక్కన ఇరవై మూడో గ్లాసు ఒక్కటే నిలబెట్టి, నిండా టీతో, పైన సాసరు మూతతో ఉంది.