తెగాల్సిన బోల్టులు

నలభై ఏళ్ళ పనిలో పెద్ద ఫిట్టరు బిగించిన జాయింటు ఒక్కటీ ఊడలేదు. ఆ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆయనే చెప్పేవాడు. అలాంటి మనిషికి, అదే కంపెనీలో ఇంజనీరైన సొంత కూతురు, నడుం దగ్గర సన్నగా తరిగిన ఎనిమిది బోల్టులిచ్చి, సముద్రం అడుగున వేసే చమురు పైపుకి వీటితో జాయింటు బిగించమంది.

"తుఫాను పైపుని ఈడిస్తే ఇక్కడే తెగాలి నాన్నా. తెగగానే రెండు పక్కలా వాల్వులు మూసుకుంటాయి, చమురు బయటికి రాదు. ఇక్కడ తెగకపోతే ఇంకెక్కడ చీలుతుందో చెప్పలేం."

ఆయన తలూపాడు. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. తెగడం కోసం బోల్టు బిగిస్తే తోటివాళ్ళు నవ్విపోరూ? పైపులు దించే బార్జి మీద ఎవరూ చూడకుండా రెండు సన్నవి తీసేసి, రెండు లావుపాటివి బిగించాడు.

ఆర్నెల్లకి తుఫాను విరుచుకుపడింది. కూతురు కంట్రోల్ రూములోనే ఉండిపోయింది. రెండో రోజు పైపులో ప్రెషరు సున్నాకి పడిందని ఆయనకి తెలిసింది. ఎక్కడో తెగింది. జాయింటు దగ్గర కాకపోతే తీరమంతా చమురే, మాట పడేది కూతురు. తప్పు మాత్రం తనది.

గాలి తగ్గిన ఉదయం పడవ మీంచి కెమెరా దించుతున్నారని విని, తడి చెప్పులతోనే కంట్రోల్ రూముకి పరుగెత్తాడు.

"అమ్మా, ఆ జాయింటులో నేను రెండు బోల్టులు..."

"ముందు ఇది చూడు నాన్నా."

తెర మీద, బురదలో, పైపు రెండు ముక్కలై బారెడు దూరంలో పడుంది. తెగింది సరిగ్గా జాయింటు దగ్గరే. రెండు వాల్వులూ మూసుకున్నాయి. చుట్టూ నీళ్ళు తేటగా ఉన్నాయి. పైపు తెగినందుకు జనం చేతులు కలుపుకోవడం ఆయన చూడ్డం అదే మొదలు.

"మరి నా బోల్టులు?"

కూతురు సొరుగు లాగి రెండు లావుపాటి బోల్టులు బల్ల మీద పెట్టింది.

"నీళ్ళలోకి దించే ముందే మార్చేశాను. నీ చెయ్యి నాకు తెలీదా?"

"చెప్పలేదేం?"

"చెబితే మళ్ళీ మార్చేవాడివి."

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఆ రెండు బోల్టులూ కూతురి వైపు జరిపాడు.

"కొత్త జాయింటుకి సన్నవే ఇవ్వు. ఎనిమిదీ నేనే బిగిస్తాను. నువ్వు మాత్రం పక్కనే నిలబడు."