తారుమారైన కబురు

ఆఫీసులో అతన్ని అందరూ పొదుపరి అనేవారు. డబ్బు దగ్గర కాదు, ప్రోగ్రాముల దగ్గర. పది వరసల పనిని నాలుగు వరసల్లో ముగించేవాడు. కంప్యూటరు చేత ఒక్క పని ఎక్కువ చేయించాల్సి వస్తే కన్నబిడ్డ చేత బరువు మోయించినంతగా విలవిల్లాడేవాడు. పొదుపు మంచిదే, కాదనను. అడ్డు చెప్పేవాళ్ళ మాట చెవిన వేసుకుంటే ఇంకా మంచిది.

వాళ్ళ కంపెనీ ఒక ఆసుపత్రికి ప్రోగ్రాము రాసిచ్చింది. రోగుల ఇంటివాళ్ళు వరండాల్లో పడిగాపులు పడకుండా, లోపలి సంగతి ఎప్పటికప్పుడు వాళ్ళ ఫోనుకు చేరవేయడం దాని పని. వార్డులో నర్సు నమోదు చేసింది ఒక సందేశంగా వస్తుంది. అందులో రోగి పేరు, ఇంటివాళ్ళ నంబరు, చెప్పాల్సిన మాట గళ్ళు గళ్ళుగా సర్ది ఉంటాయి. ఆ గళ్ళు విప్పి ఒక్కొక్కటీ చదివేదాన్ని పార్సర్ అంటారు. చదివినంతవరకు అది తన దగ్గరే గుర్తుపెట్టుకుని, అంతా అయ్యాక ఆ మాటను ఆ నంబరుకి పంపిస్తుంది.

సందేశాలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడతాయి కనుక, పక్కపక్కనే కూర్చున్న పనివాళ్ళలా చాలా థ్రెడ్లు ఒకేసారి పనిచేస్తుంటాయి. ప్రతి సందేశానికీ కొత్త పార్సర్ తయారు చేసుకోవాలంటే రెప్పపాటు ఆలస్యం. ఆ రెప్పపాటు మనవాడికి కంట్లో నలుసైంది. ఒకే ఒక్క పార్సర్ తయారుచేసి థ్రెడ్లన్నిటికీ దాన్నే ఇచ్చాడు. ప్రోగ్రాము పరుగులు తీసింది. మేనేజరు భుజం తట్టాడు.

తప్పులు వెతికే ఉద్యోగంలో ఉన్న అమ్మాయి ఒకతె మాత్రం అతని కుర్చీ దగ్గరికొచ్చి నిలబడింది.

"అన్నా, రెండు సందేశాలు ఒకేసారి దీని మీద పడితే? ఒకటి సగం చదివాక రెండోది దూరితే?"

"ఎన్ని పరీక్షలు పెట్టావు, ఒక్కసారైనా దూరిందా?"

"దూరలేదు. కానీ దూరకూడదని ఎక్కడా రాసి లేదు కదన్నా."

"అనుమానం పుట్టాకే నువ్వు పుట్టావమ్మా" అని నవ్వేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది.

తర్వాత కొంతకాలానికి అతని బాబాయికి గుండె ఆపరేషను ఆ ఆసుపత్రిలోనే జరిగింది. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే అతన్ని పెంచింది ఆ బాబాయీ పిన్నీ. వాళ్ళకు వేరే పిల్లల్లేరు. పిన్ని బట్టలు కుట్టేది, బాబాయి గుండీలు కుట్టి ఇస్త్రీ చేసేవాడు. ఆపరేషనైన దగ్గర్నుంచి పిన్ని వార్డు బయట బల్ల మీద నుంచి లేవనంది. ఆమె కళ్ళు గుంటలు పడ్డాయి.

"ఇంటికెళ్ళి కాస్త నడుం వాల్చు పిన్నీ. ఏదైనా ఉంటే ఫోనుకు మెసేజీ వస్తుంది."

"ఫోను మాట నేను నమ్మనురా. మనిషి చెబితే వేరు."

"అది రాసింది నేనే. నన్ను నమ్మవా?"

ఆమె ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆఫీసు టైమవుతోందని అతను వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆమె ఫోను మోగింది. 'నిలకడగా ఉన్నారు. మీరు ఇంటికి వెళ్ళి విశ్రాంతి తీసుకోవచ్చు.' పిన్ని ఆ ముక్క రెండుసార్లు చదువుకుని, కొడుకులాంటివాడు రాసిన ప్రోగ్రాము కదా అని ఇంటికెళ్ళింది. స్నానం చేసింది, కడుపునిండా తిన్నది, ఒళ్ళెరక్కుండా పడుకుంది. ఆసుపత్రి నుంచి మనిషే ఫోను చేసేసరికి, అప్పటికే బాబాయి పోయాడు.

'పరిస్థితి విషమంగా ఉంది, వెంటనే రండి' అన్న కబురు ఇంకొకళ్ళ ఇంటికి వెళ్ళింది. వాళ్ళు గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చి చూస్తే, వాళ్ళ పెద్దాయన మంచం మీద కూర్చుని పాలు తాగుతున్నాడు. నర్సును నాలుగు తిట్లు తిట్టి, నవ్వుకుని, సరిపెట్టుకున్నారు. ఆ కబురు అసలు ఎవరిదా అని ఎవరికీ తట్టలేదు. బాబాయి దగ్గరున్న నర్సేమో మెసేజీ వెళ్ళింది, వస్తారులే అనుకుంది. ఆయన మాత్రం తలుపు వైపే చూస్తూ, "మా ఆవిడ వచ్చిందా?" అని అడుగుతూనే ఉన్నాడట.

ఆ తర్వాత పరామర్శకు ఎవరొచ్చినా పిన్నిది ఒకటే పాట. "మొగుడు ప్రాణం పోతుంటే తిని తొంగున్న మహాతల్లిని నేను." అతను పక్కనే ఉండి తల వంచుకునేవాడు. ఎక్కడ పొరపాటు జరిగిందో అతనికి అప్పటికింకా తెలియదు. తెలియదు గానీ, ఆమెను ఇంటికి వెళ్ళమన్నది తనే.

ఆఫీసులో ఆ అమ్మాయి మెసేజీ సంగతి విని, ఎవరికీ చెప్పకుండా పనిలో దిగింది. రెండు సందేశాలు ఒకే క్షణాన పంపడం, చూడడం, మళ్ళీ పంపడం. వేలసార్లు ఏమీ కాలేదు. ఒకసారి అయింది. ఒక సందేశంలోని నంబరు, ఇంకో సందేశంలోని మాట కలిసి బయటికొచ్చాయి.

"దొరికిందన్నా" అంది, మొహం చూపించకుండా. నేను చెప్పానా అని అనలేదు. అని ఉంటే అతనికి కాస్త తేలికయ్యేది.

ఎవరి పార్సర్ వాళ్ళకు ఇవ్వడానికి రెండు వరసలు మారిస్తే చాలింది. మేనేజరు తలుపు వేసి, "పోయింది మీ ఇంటి మనిషే కదయ్యా. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండనీ" అన్నాడు. అతనికి ఆయన మొహాన ఉమ్మాలనిపించింది. అంతకంటే ముందు తన మొహాన.

అతను వెళ్ళేసరికి పిన్ని మిషను ముందు కూర్చుని బాబాయి చొక్కా కుట్లు విప్పుతోంది. అతను ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.

"పిన్నీ, నీకొచ్చిన మెసేజీ బాబాయిది కాదు."

ఆమె చెయ్యి ఆగింది.

"రెండు పొయ్యిల మీద రెండు గిన్నెలున్నాయనుకో. గరిటె ఒక్కటే. ఇద్దరు ఒకేసారి దాంతోనే కలిపారనుకో."

"ఇందులోది అందులో పడుతుంది."

"అదే జరిగింది."

"గరిటె ఒక్కటే చాలన్నదెవరు?"

"నేనే."

పిన్ని ఇంకో కుట్టు విప్పింది. వీధిలో ఎవరో బండి ఆపి, మళ్ళీ వెళ్ళిపోయారు.

"ఆ రెండోవాళ్ళాయన?"

"బాగున్నాడు. ఇంటికెళ్ళిపోయాడు."

"పోన్లే." చొక్కా మడిచి పక్కన పెట్టింది. "ఇదంతా నాకెందుకు చెప్పావురా?"

"నిన్ను నువ్వు తిట్టుకుంటుంటే చూడలేక."

"తిట్టుకోనీయవలసింది. నా మీద కోపం నా దగ్గరే పడుండేది, దానికి అలవాటు పడిపోయేదాన్ని. ఇప్పుడది నీ మీదికొస్తుంది. రాకుండా ఆపడం నా వల్ల కాదు. ఆయన పోయాక నాకు మిగిలింది నువ్వొక్కడివే కదరా. నిన్ను కూడా లేకుండా చేసుకోమంటావా?"

అతను ఏడ్చాడు. ఆమె ఊరుకోమని అనలేదు, తల నిమరలేదు. కాసేపటికి లేచి వంటింట్లోకి వెళ్ళి, "తిని వెళ్ళు" అంది.

అతను తిన్నాడు. వడ్డించినంతసేపూ ఆమె అతని మొహం వైపు చూడలేదు.