తొమ్మిదో నంబరు ఫోను

ఏడో ఫోను అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూసి, పేజీని పైనుంచి కిందికోసారి, కిందినుంచి పైకోసారి జరిపి, అప్పుడు గానీ ఆయన పెన్ను తీయలేదు. చార్టులో ఏడో గడిలో టిక్కు పెట్టాడు. ఎనిమిదోది అందుకున్నాడు. మళ్లీ గుడ్డ, మళ్లీ వెలుతురు, మళ్లీ టిక్కు.

తొమ్మిదో చోటుకు వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆగింది. కాళ్ల దగ్గరున్న సంచిలోంచి ఊలుతో అల్లిన ఆకుపచ్చ తొడుగు ఒకటి తీసి టేబుల్ మీద, తొమ్మిది అని అంటించిన కాగితం పక్కన పెట్టాడు. అందులో ఫోను ఉంది. దాన్ని బయటికి తీయలేదు. కాసేపు దానివైపు చూసి, తొమ్మిదో గడిలో కూడా టిక్కు పెట్టి, పదో దానికి వెళ్లిపోయాడు.

ఆ ఆఫీసులో వెబ్‌సైట్ టెంప్లేట్లు తయారు చేస్తారు. కుట్టి పెట్టిన చొక్కాల్లాంటివి. దుకాణం వాళ్లో, స్కూలు వాళ్లో కొనుక్కుని తమ పేరు, తమ ఫోటో పెట్టుకుంటే చాలు, వెబ్‌సైట్ రెడీ. చిక్కల్లా ఏమిటంటే, ఒక బ్రౌజర్లో దర్జాగా కూర్చున్న పేజీయే ఇంకో బ్రౌజర్లో కాళ్లొకచోట, చేతులొకచోట పడేసుకుంటుంది. అందుకని ప్రతి టెంప్లేటునూ బయటికి పంపేముందు పదకొండు మిషన్ల మీద తెరిచి చూడాలి. పద్దెనిమిదేళ్లుగా ఆ చూసేవాడు ఈయనే. అందరికీ టిక్కుల బాబాయ్. తెరలు తోసి తోసి కుడి బొటనవేలు ఎంత నునుపెక్కిపోయిందంటే, గుమ్మం దగ్గరి వేలిముద్రల హాజరు మిషను ఆయన్ని గుర్తు పట్టడం మానేసి మూడేళ్లయింది. ఆయనొక్కడూ పుస్తకంలో సంతకం పెడతాడు.

తొమ్మిదో నంబరు అన్నిటికంటే పాతది. ఆఫీసుది బ్యాటరీ ఉబ్బి చచ్చిపోయినప్పుడు ఓనరు నవ్వాడు. "ఇంకా ఆ ఫోను ఎవరు వాడతారు బాబాయ్?"

"మా ఆవిడ వాడుతోంది సార్."

మర్నాటినుంచీ ఆవిడ ఫోనే వారానికి రెండు రోజులు సంచిలో ఎక్కి ఆఫీసుకు వచ్చేది. "నా ఫోనుకు కూడా ఉద్యోగం వచ్చింది, జీతం ఎప్పుడిస్తారో అడగండి," అనేదావిడ. గీతలు పడతాయని ఊలు తొడుగు అల్లింది కూడా తనే. ఆవిడ సణిగేది ఒక్కదానికే. బ్రౌజరు పాత పేజీని కడుపులో దాచుకుని మళ్లీ దాన్నే చూపిస్తుంది కాబట్టి, పరీక్షకు ముందు అంతా తుడిచెయ్యాలి. ఆ ఫోన్లో తుడిస్తే తెరిచి ఉన్న పేజీలు కూడా పోతాయి. "నేను చదువుకుంటున్నవన్నీ ఊడ్చి పారేశారు. ఇప్పుడు మళ్లీ ఎక్కడని వెతుక్కోను," అని రాత్రి అన్నం దగ్గర ఒక విసురు విసిరి, మళ్లీ వెతుక్కునేది.

అయిదు నెలల కిందట ఆవిడ పోయింది. రెండు రోజుల జ్వరం, అంతే. పదో రోజున ఆయన ఆఫీసుకు వచ్చి, ఫోను తీసి, బ్రౌజరు తెరిచాడు. మూడు పేజీలు తెరిచి ఉన్నాయి. పక్కింటి పిల్లి తిండి ఎందుకు మానేసిందో ఒకటి. కారే కుళాయికి వాషరు ఎలా మార్చాలో ఒకటి. మూడోది స్వెట్టర్ అల్లిక, ముప్పై ఎనిమిదో వరస దగ్గర ఆగి ఉంది. తుడవమంటారా అని అడిగింది ఫోను. ఆయన మూసేసి తొడుగులో పెట్టేశాడు. ఎనిమిదోదానిలో బాగుంటే తొమ్మిదోదానిలోనూ బాగానే ఉంటుంది ఎప్పుడూ, అనుకున్నాడు. టిక్కు పెట్టాడు.

మధ్యాహ్నం ఓనరు పిలిచాడు.

గదిలో బొమ్మ గీసే డిజైనరు, కోడు రాసే అమ్మాయి అప్పటికే నిలబడి ఉన్నారు. ఓనరు ముందు ఒక ఉత్తరం ఉంది. ఏదో క్లినిక్కులో రిసెప్షన్లో పనిచేసే ఆవిడ రాసింది. పాత ఫోన్లున్న వాళ్లకు అపాయింట్‌మెంట్ పేజీలో 'ఖాయం చేయండి' అనే బటనే కనబడటం లేదట. పేరూ తేదీ నింపేసి, అయిపోయిందనుకుని వచ్చేస్తున్నారట. మూడు వారాలుగా రోజూ నలుగురైదుగురు ముసలివాళ్లు బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుని, డాక్టరును చూడకుండానే వెళ్లిపోతున్నారట. దీనికి బాధ్యులెవరో చెప్పండి, అని ముగించింది.

"నేను గీసిన బొమ్మలో బటన్ ఉంది," అన్నాడు డిజైనరు. "కావాలంటే చూడండి, ఇంత లావున ఉంది."

"నా మిషన్లోనూ ఉంది," అంది అమ్మాయి. "ఆ పాత బ్రౌజరుకు కొత్త లైన్లు అర్థం కావు సార్. దానికి నేనేం చేసేది?"

"బ్రౌజరు వాళ్లనడిగితే కొత్తది వేసుకోమంటారు. క్లినిక్కు వాళ్లనడిగితే రంగు తప్ప ఏమీ ముట్టుకోలేదంటారు. అందరూ చేతులు దులుపుకుంటే ఎలా?" ఓనరు చార్టు ముందుకు లాగి, క్లినిక్కు టెంప్లేటు వరస మీద వేలు పెట్టాడు. "ఇదుగో, తొమ్మిదిలో బాబాయ్ టిక్కుంది. అంటే ఈయన చూసినప్పుడు బటన్ కనబడింది. తర్వాత నువ్వే ఏదో కెలికావు. అవునా కాదా?"

"నేనేమీ మార్చలేదు సార్."

"బాబాయ్ టిక్కు పెట్టాడంటే పెట్టినట్టే. పద్దెనిమిదేళ్లలో ఒక్కటి తప్పలేదు. ఇంకో తప్పు జరిగితే ఉద్యోగం ఉండదని నీకు మొన్ననే చెప్పాను కదమ్మా. ఇంక నేను చేసేదేం లేదు."

అమ్మాయి మొహం పాలిపోయింది. డిజైనరు తన బూట్ల వంక చూసుకున్నాడు.

బాబాయ్ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. పెట్టుకోలేదు.

"ఆ టిక్కు అబద్ధం సార్."

ఓనరు తలెత్తాడు.

"తొమ్మిదోదాంట్లో నేను చూడలేదు. ఫోను తొడుగులోంచి తీయనే లేదు."

"ఇదొక్కటేనా?"

"అయిదు నెలలవి. పంతొమ్మిది టెంప్లేట్లు. ఇవాళ పొద్దున పెట్టింది కూడా."

"ఎందుకు బాబాయ్?"

ఆయన చెప్పడానికి నోరు తెరిచాడు. పిల్లి, కుళాయి, ముప్పై ఎనిమిదో వరస. ఆ గదిలో చెప్పుకోదగ్గ మాటలుగా తోచలేదు. "తీయలేకపోయాను," అన్నాడంతే. అమ్మాయి వైపు చూపించి, "ఈ పిల్ల తప్పేం లేదు. కోడు తిరగబడటం మామూలే. తిరగబడిందని చెప్పడానికే కదా నేనున్నది," అన్నాడు.

అమ్మాయి ఆయన గదిదాకా వెంట వచ్చింది. ఆయన తొడుగులోంచి ఫోను తీసి, బ్రౌజరు తెరిచాడు. ఆమె భుజం మీదుగా చూసింది. మూడు పేజీలూ చూసింది. అర్థమైంది.

"వీటిని ఫోటో తీసి పెట్టుకుందామా బాబాయ్?"

"ఫోటో తీస్తే అది బొమ్మ అవుతుందమ్మా. ఆవిడ చదువుతున్నది కాదు."

"పోనీ, నన్ను నొక్కమంటారా?"

"వద్దు. ఎప్పుడూ నేనే తుడిచేది. తిట్లు తినేది కూడా నేనే."

నొక్కాడు. తెల్లటి ఖాళీ పేజీ వచ్చింది. దాని మీద క్లినిక్కు పేజీ తెరిచాడు. పేరు, వయసు, రోజు. కింద ఏమీ లేదు. ఎంత తోసినా బటన్ తెర అడుగున ఇరుక్కుపోయి పైకి రాలేదు. ఆమె తన మిషన్ దగ్గరికి పరుగెత్తి రెండు లైన్లు మార్చింది. ఆయన మళ్లీ తుడిచాడు, మళ్లీ తెరిచాడు. రాలేదు. ఆమె మళ్లీ మార్చింది. అయిదోసారికి ఆయన ఫోను అడిగే ప్రశ్న చదవకుండానే నొక్కేశాడు. ఆరోసారికి బటన్ వచ్చింది.

మిగతావీ వరసగా తెరిచారు. పంతొమ్మిదిలో నాలుగు పాడై ఉన్నాయి. ఆమె బాగుచేస్తుంటే, కొన్నవాళ్లందరికీ ఆయన ఉత్తరాలు రాశాడు. 'పరీక్షించకుండా పరీక్షించినట్టు గుర్తు పెట్టినది నేను' అని ప్రతిదానిలోనూ రాశాడు. ఎండ కిటికీ దిగిపోయింది.

వెళ్లేటప్పుడు ఓనరు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. "ముందే ఒక మాట చెప్పి ఉంటే ఇంకో ఫోను ఎక్కడైనా వెతికేవాళ్లం కదా బాబాయ్. ఇప్పుడు నేనెలా..."

"మీరు అనక్కర్లేదు సార్. నా టిక్కు ఇక చెల్లదు." హాజరు పుస్తకంలో వెళ్లిన టైము రాసి సంతకం పెట్టాడు.

మెట్ల దగ్గర అమ్మాయి అందుకుంది. "బాబాయ్, ఫోను మర్చిపోయారు."

"మర్చిపోలేదు. ఆ చోటు ఖాళీగా ఉంటే ఇంకెవరో కూడా చూడకుండానే టిక్కు పెట్టేస్తారు. రోజూ తుడిచి చూడు, సరేనా. దానికి తుడిపించుకోవడం అలవాటే."

ఖాళీ సంచిని మడిచి చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

ఆమె గదిలోకి తిరిగి వచ్చేసరికి పదకొండు మిషన్లూ నిశ్శబ్దంగా ఉన్నాయి. ఎనిమిదికీ పదికీ మధ్య, ఆకుపచ్చ ఊలు తొడుగును నాలుగు మడతలు పెట్టి దిండులా అమర్చి, దాని మీద ఆనించి ఉంది పాత ఫోను. దాని అద్దం మీద ఒక్క వేలిముద్ర కూడా లేదు.