గద్దింపు

ఒంటి చేత్తో తెల్లచొక్కా ఉతకడం ఏపాటి పనో చేసినవాళ్లకే తెలుస్తుంది. కాలరును బండ మీద మడమతో తొక్కిపట్టి, ఎడమచేత్తో బ్రష్షు కొట్టాలి. కుడిచేతికి సిమెంటు కట్టు. ఆదివారం మాత్రం మా ఆయనకు తెల్లచొక్కా ఉండాల్సిందే. చోడవరంలో మా చర్చికి సంఘపెద్ద ఆయనే, మైకు కూడా ఆయనే చూసుకుంటాడు.

“ఏటే, ఆ మరకలాగే ఉంది. కట్టు సెయ్యికి గదా, కళ్లకి కాదు గదా” అంది గుమ్మంలోంచి అత్త అచ్చియ్యమ్మ.

చెయ్యి విరిగింది మా సంఘంలోని రేవతి వాళ్లింట్లో గృహప్రార్థన జరిగిన రోజున. వాక్యం చదువుతూ ఆయన ఒక వరుస దాటేశాడు. పక్కనుంచి నేను మెల్లిగా అందించాను. ఇంట్లో రోజూ చదివేది నేనే కదా, అలవాటు కొద్దీ నోరు జారింది. అందరి ముందూ నవ్వాడు. ఇంటికొచ్చి గడియ పెట్టి, “నలుగురిలో నన్ను దిద్దుతావేటి? నిన్ను నేను దిద్దుతాను సూడు” అంటూ కర్ర తీశాడు. ఆసుపత్రిలో ఆయనే ముందు చెప్పాడు, బాత్రూంలో జారిపడిందని. డాక్టరు నా మొహం చూసి, నిజమేనా అని అడిగింది. అవునండి అన్నాను.

మర్నాడు పాస్టరుగారి భార్య బత్తాయిలు పట్టుకుని వచ్చింది. ఆవిడని మేమంతా అమ్మగారు అంటాం.

“దేవుడు ప్రేమించినోళ్లనే సిచ్చిత్తాడమ్మా. ఉపాస కూడికకి రెండు వారాలు ఎగ్గొట్టేవు గదా, అందుకే కొట్టేడు. ఆదివారం అందరి ముందూ లేచి సాచ్చెం సెప్పు. పదిమంది ఆడోళ్లు బాగుపడతారు.”

“సెప్తాదండి, ఎందుకు సెప్పదు” అన్నాడు మా ఆయన.

అత్తకి జ్వరమొస్తే పక్కనే ఉండి కూడిక మానేశానని ఆవిడకి తెలుసు. ఆ రాత్రి నా అరుపులూ తెలుసు. వాళ్లిల్లూ మా ఇల్లూ ఒకే గోడ.

నాకు దేవుడంటే నమ్మకం. ఆయన దిద్దుతాడనీ నమ్ముతాను. మా చెల్లెలితో పంతం పట్టి మాట్లాడ్డం మానేసినప్పుడు నాకు ముద్ద దిగలేదు. మాడుగుల బస్సెక్కి వెళ్లి దాని చెయ్యి పట్టుకున్నాక గానీ గుండె కుదుటపడలేదు. దేవుడి దెబ్బ అలా ఉంటుంది, కొట్టి దగ్గరకి తీసుకుంటుంది. ఈ కర్రలో ఆ ప్రేమ ఎక్కడుంది ప్రభువా, ఇది నువ్వేనా అని వారమంతా అడిగాను. అడిగిన ప్రతిసారీ చెయ్యి కాదు నొప్పెట్టింది, డాక్టరుతో నేనన్న ఆ ఒక్క మాట. లేచి సాక్ష్యం చెబితే దేవుడి పేరు మీద ఇంకో అబద్ధం. చెప్పకపోతే ఇంటికెళ్లాక కర్ర.

ఆదివారం నా వంతు వచ్చింది. “బేగీ సెప్పి కూకో” అంటూ మా ఆయన మైకు నా ఎడమచేతిలో పెట్టాడు. మైకు పట్టుకుని లేచాను.

“అందరికీ వందనాలు. దేవుడు నన్ను గద్దించేడు, నిజమే. జారిపడ్డానని డాట్టరుతో అబద్ధమాడేను. దానికి వారమంతా నన్ను నిద్దరపోనివ్వలేదు. ప్రేమించేడు గాబట్టే గద్దించేడు.”

హల్లెలూయా అన్నారందరూ. అమ్మగారు మరీ గట్టిగా అంది.

“సెయ్యి మాత్రం...”

మైకు ఆగిపోయింది. మా ఆయన వేలు స్విచ్చి మీద ఉంది.

మైకు కింద పెట్టేశాను. పెళ్లయినప్పట్నుంచీ నా నోట ఎన్నడూ రాని పేరు, వెనక చాప మీదివాళ్లకి కూడా వినబడేలా పలికాను.

“సెయ్యి ఇరగ్గొట్టింది దేవుడు కాదు. సత్తిబాబు.”