మాలిస్ రెండు కిలోలు

ఫలక్‌నుమా స్టేషన్ బయట సీమోను రోజూ ఎనిమిదింటికి టైపు మిషను మీది గుడ్డ తీసేవాడు. ఇంగ్లీషులో అర్జీలు కొట్టడం అతని పని. మామూలు మాటలకు బరువుండదు. పగకు ఉన్న ఇంగ్లీషు పేర్లకు మాత్రం ఉంటుంది. అందుకే ముందే చెప్పేవాడు: గ్రడ్జ్ పావుకిలో, స్పైట్ కిలో, మాలిస్ రెండు కిలోలు.

డెబ్బై నాలుగులో ఒక పొద్దున కార్ఖానా గేటు జవాను రాజన్న వచ్చాడు. జమేదారు పోస్టు తన తర్వాత నౌకరీలో చేరిన బాబురావుకు ఇస్తున్నారని విన్నాడు.

"వానికి నా మీద పగ ఉన్నదని రాయి. ఉన్న మాటలన్నీ పెట్టు."

"నిజంగ ఉన్నదా?"

"నువ్వు టైపు కొట్టెటోనివా, జడ్జివా?"

"మోసేది నువ్వే అన్నా, నాకేంది? రాంకర్ అని ఇంకోటున్నది. మూడు కిలోలు."

"అది గూడ కొట్టు."

రెండు పేజీల నిండా అవే మాటలు, మళ్లీ మళ్లీ. రాజన్న ఆ కాగితాలను మూటలా భుజానికెత్తుకుని బస్సెక్కాడు.

"లగేజి టికెట్ తీస్కో భాయ్," అన్నాడు కండక్టరు.

కార్ఖానా ఉన్న చాంద్రాయణగుట్టలో దిగేసరికి నడుము వంగిపోయింది. డ్యూటీకి పోతున్న బాబురావు చూసి ఆగాడు.

"ఏందన్నా, అర్జీనా? ఇటు తే, జర దూరం నేను మోస్త."

రాజన్న కాగితాలను రొమ్ముకు హత్తుకున్నాడు. "నాది నేనే మోసుకుంట."

మోసుకోవలసిందే. లేని పగ రాయించినవాడు ఆ బరువును ఎవరి చేతిలో పెడతాడు?

ఆఫీసులో గుమాస్తా వైకుంఠం తల ఎత్తకుండానే అన్నాడు: "మంచిగ వచ్చినవ్. పోస్టు నీకే. నిన్న బాబురావు వచ్చి, రాజన్న నాకంటె ముందుగాల చేరిండు, ఆయనకే ఇయ్యుండ్రి అన్నడు. పో, ఎత్తు కొలిపిచ్చుకో."

జమేదారుకు ఐదడుగుల నాలుగంగుళాలు ఉండాలి. రాజన్నది ఐదడుగుల ఐదు. కార్ఖానా దవాఖానలో అర్జీని కింద పెట్టి గోడకు ఆనుకున్నాడు.

"సక్కగ నిలబడు," అన్నాడు కాంపౌండరు.

"నిలబడ్డ."

మూడుసార్లు కొలిచాడు. "ఐదడుగుల మూడు. ఏం మోసినవే?"

రాజన్న వంగి అర్జీని మళ్లీ భుజానికెత్తుకున్నాడు.

పోస్టు బాబురావుకే పోయింది. అర్జీని రాజన్న భార్య సక్కుబాయి తొక్కు జాడీ మూత మీద పెట్టింది. మూత కదలదు. నౌకరీలో చేరిననాడు తలుపు చెక్క మీద బొగ్గుతో గీసుకున్న గీత కింద రాజన్న రోజూ వీపు ఆనించి నిలబడతాడు. తల గీతకు అందదు. పళ్లు కొరుక్కుంటూ డ్యూటీకి పోతాడు.

గేటు దగ్గర జమేదారు బాబురావు రోజూ అడుగుతాడు: "నడుము ఎట్లున్నదన్నా?"